నిండిన బ్యాటరీ

తెల్లారి మొదటి మోతలోనే, మిట్ట దిగే మలుపులో నీళ్ల సైకిలుతో సహా బండకు కొట్టుకొని ఓబుళేసు చచ్చిపడి ఉంటే, రాఘవేంద్రరెడ్డి వస్తూనే అడిగింది సైకిలేమైందని. పగిలిన క్యాన్ల నీళ్లు ఇంకకముందే నెపం కూడా సిద్ధం చేసుకొచ్చాడు. వెనక చక్రం స్పోకులు వదులయ్యాయట, బిగించాల్సిన యేసన్న తాగి పడుకున్నాడట.

యేసన్న సైకిలు చక్రాలకు బెండు తీసి బతికే మనిషి. మిట్ట మీది రెడ్డి బోరు నుంచి నల్లమాడకు నీళ్లు మోసే పన్నెండు కరెంటు సైకిళ్లూ అతని చేతి కిందివే. రోజూ పొద్దు వాలేముందు ప్రతి స్పోకునూ వేలితో మీటి, చప్పుడును బట్టి బిగువు చూసేవాడు. ఇప్పుడూ ఆ చక్రం దగ్గర గొంతుక్కూర్చొని, చుట్టూ మూగిన జనం ముందు ఒక్కొక్కటే మీటాడు. ఒక్కటీ వదులు కాలేదు.

"మరెట్ల సచ్చినాడు నా మొగుడు?" అంది అక్కమ్మ.

యేసన్నకు తెలుసు. ఎండాకాలం మొదట్లో రెడ్డి అన్ని సైకిళ్లకూ బ్రేకు తీగలు తీసేయమన్నాడు. దిగుడులో మోటారే చక్రాన్ని పట్టి ఆపుతుంది, బ్రేకు పడితే వృథా అయ్యే ఆ ఊపు కరెంటై బ్యాటరీకి చేరుతుంది, కరెంటు కోతల రోజుల్లో అదంతా మిగులే కదా అన్నాడు. కానీ తెల్లారి మొదటి దిగుడుకు బ్యాటరీ నిండుగా ఉంటుంది. నిండినదానిలోకి కరెంటు పోదు, మోటారు ఆపదు. ఆ మాట చెబితే, కాళ్లు లేవా, నేలకానించమను అన్నాడు రెడ్డి. పని పోతుందని యేసన్న తలొంచుకొని వచ్చేశాడు. ఛీ, ఆ తల ఎందుకు వంచానా అని ఇప్పుడు కుమిలిపోయాడు.

"ఆ తీగలు పీకింది ఈ చేతులేనక్కా. ఆగదని తెలిసే పీకినా."

అక్కమ్మ అతని చెంప పగలగొట్టింది. తర్వాత రెడ్డి వైపు తిరిగింది.

"పీకినోన్ని కొట్టినా. పీకమన్నోడు యాడుండాడప్పా?"

రెడ్డి పిలిపించిన ఎస్సై కానిస్టేబుళ్లతో వచ్చి, ఒప్పుకున్నాడుగా అంటూ యేసన్నను జీపెక్కించాడు. సైకిళ్లు నడిపేవాళ్లలో కొందరు మనకెందుకన్నారు, పొయ్యి వెలగాలి కదా అన్నారు. అందరికంటే పెద్దవాడు లింగన్న మాత్రం, రేపు పొద్దున మొదటి దిగుడు ఎవరిదిరా అని అడిగాడు. లింగన్న తన సైకిలు తెచ్చి, జీపు ముందు తలకిందులుగా బోర్లించి పక్కనే కూర్చున్నాడు. దాని వెనక ఇంకొకటి బోర్లింది. చూస్తుండగా పదకొండూ రోడ్డుకు అడ్డంగా చక్రాలు పైకెత్తుకొని నిలిచాయి. వాటి మధ్య అక్కమ్మ కూర్చుంది.

"ఆ రెడ్డిని గూడా ఎక్కించుకో సారూ, అప్పుడు పో," అన్నాడు లింగన్న.

లాఠీలు లేచాయి. మొదటి దెబ్బ లింగన్న భుజం మీద పడి, జారి చక్రానికి తగిలింది. స్పోకులు ఖణేల్‌మన్నాయి. జీపులో ఉన్న యేసన్న ఆ చప్పుడు విన్నాడు. బిగువు సరిగ్గా ఉంది. ఎవరూ లేవలేదు.