ప్రకటనల విరామంలో కౌన్సిలర్

ఇలోయిలో అనే పట్నంలో పొద్దున్నే ఏ జీప్నీ బండి ఎక్కినా రెమెడియోస్ గొంతే వినిపించేది. రేడియోలో చర్చ నడపడం ఆమె పని. ఆడవాళ్లు ఆడవాళ్లనీ, మగవాళ్లు మగవాళ్లనీ పెళ్లాడే హక్కు కోసం రాజధాని మనీలాలో బిల్లు పెట్టారనగానే స్టేషను యజమాని పలోమార్‌కు పండగైంది. "రెండు పక్షాలనీ కూర్చోబెట్టు. ఎవరి మాట వాళ్లు చెప్పుకుంటారు. వాక్ స్వాతంత్ర్యం కదా" అన్నాడు.

ఒక పక్షాన కౌన్సిలర్ గరిబాయ్. రెండో పక్షాన ఈసింగ్. లాపాజ్ బజారులో నూడుల్స్ కొట్టు ఆమెది. క్లారిటాతో ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ముసలిదైంది. క్లారిటా పోయాక తనకేం జరిగిందో చెప్పమని రెమెడియోసే బతిమాలి పిలిపించింది.

గరిబాయ్ మొదలుపెట్టాడు. "ఇవాళ వీళ్లకు పెళ్లి చేస్తే రేపు నా దున్నపోతు కూడా సంబంధం చూడమంటుంది. ఇద్దరాడవాళ్లు కలిసుంటే దాన్ని కాపురం అనరు, రోగం అంటారు. పిల్లలు తిరిగే వీధిలో రోగాన్ని ఉండనిస్తామా?"

రెమెడియోస్ ఆపబోయింది. స్టూడియో అద్దం అవతలినుంచి పలోమార్ చెయ్యి ఊపాడు, మాట్లాడనీ అన్నట్టు. ఫోన్లు వరసగా మోగుతున్నాయి.

ఈసింగ్ మైకు దగ్గరికి జరిగింది. "బాబూ, నువ్వు తినేది మా కొట్లోనే కదా. క్లారిటా నీకు..."

సబ్బు ప్రకటన పడింది.

మైకులు ఆగగానే గరిబాయ్ మొహం విచ్చుకుంది. దగ్గరి చుట్టంలా ఈసింగ్ భుజం తట్టాడు. "మనసులో పెట్టుకోకక్కా. వినేవాళ్ల కోసం ఏదో ఒకటి అనాలి కదా. మీరిద్దరూ ఎంత అన్యోన్యంగా ఉండేవారో నాకు తెలీదూ? పాపం క్లారిటక్క. నా గిన్నెలో మూలుగ ఓ ముక్క ఎక్కువే వేసేది." పెదాలు నాక్కున్నాడు.

రెమెడియోస్‌కు అతను తిట్టినప్పుడు ఒళ్లు మండింది గానీ ఇంత రోత పుట్టలేదు. నమ్మి తిట్టినా బాగుండేది.

ప్రకటన అయిపోయింది. "కౌన్సిలర్ గారూ, ఇప్పుడు ఈ అక్కతో అన్న మాటలు శ్రోతలకూ చెప్పండి" అంది.

అతను తొణకలేదు. "నేనేమన్నాను? ఈవిడెవరో నాకు తెలీదు. ఇలాంటివాళ్ల చేతి నీళ్లు కూడా ముట్టను."

ఈసింగ్ ఏదో అంది. ఆమె మైకు కట్టేసి ఉంది. రెమెడియోస్ తన మైకు ఆమె వైపు తిప్పింది. "నీ కొడుకు బాప్టిజానికి వంట చేసింది మేమే కదయ్యా" అన్న మాట సగం వెళ్లిందో లేదో, పాట మొదలైంది.

పలోమార్ నవ్వుతూ లోపలికొచ్చాడు. "ఇన్ని ఫోన్లు ఎప్పుడూ రాలేదు. ఆ ముసలమ్మను రేపు కూడా తీసుకురా. ఏడిస్తే మరీ మంచిది."

"ఆవిడ మైకు ఎందుకు కట్టేశారు సార్?"

"పెద్దమనిషి పరువు తీస్తే కేసు పడుతుందమ్మా."

"ఆవిణ్ణి రోగం అన్నప్పుడో?"

"అది అభిప్రాయం."

రెమెడియోస్ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పడేసింది. "రేపటికి ఇంకొకర్ని చూసుకోండి" అని ఈసింగ్ చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

ఎక్కిన జీప్నీలోనూ ఆ రేడియోనే. గరిబాయ్ ఇంకా ఆ దున్నపోతు మాట దగ్గరే ఉన్నాడు. జనం పడీ పడీ నవ్వుతున్నారు. "ఎవత్తో లాపాజ్‌దట. ఛీ, ఎన్నిసార్లు తిన్నామో అక్కడ" అని ఒకావిడ కిటికీలోంచి ఉమ్మింది. పక్కన కూర్చున్నది ఎవరో ఆమెకు తెలీదు. ఈసింగ్ పైకప్పు మీద తట్టి జీప్నీ ఆపించింది. ఇద్దరూ ఎండలో నడిచారు.

"వాడి గురించి చెప్పాలని రాలేదమ్మా నేను" అంది ఈసింగ్ కొంతదూరం పోయాక. "క్లారిటా తమ్ముళ్లు శవాన్ని వాళ్లూరు పట్టుకుపోయారు. పెట్టె మూసేముందు దాని జుట్టు ఒక్కసారి దువ్వుతానన్నాను. నువ్వెవరివి అన్నారు. అంతే, అది చెబుదామనే వచ్చా."

ఆ మాట రెమెడియోస్ ఒక్కతే విన్నది.

తరువాతి వారం నుంచి ఆ కార్యక్రమం గరిబాయే నడుపుతున్నాడు. వినేవాళ్లు పెరిగారట.