గేటు దాకా తెలిసిన దారి

బండ మీద బోర్లా పడుకున్న బట్టల కొట్టావిడ వీపు మీద మహ్‌జూబా అరచేత్తో ఒక్కసారి తట్టింది. ఒకసారి తడితే పక్కకు తిరగాలి, రెండుసార్లు తడితే లేచి కూర్చోవాలి. ఆవిరి నిండిన హమ్మాంలో, ఊరి ఆడవాళ్ళ స్నానశాలలో, మాట మాటకు తగిలి ఏదీ వినబడదు కనుక మొరాకోలోని మా ఊజ్దా ఆడవాళ్ళందరికీ ఈ లెక్క పసితనం నుంచే తెలుసు. ఆవిడ తిరిగింది. మహ్‌జూబా చేతికి గరుకు తొడుగు బిగించి భుజం నుంచి నడుము దాకా ఒకే ఊపున లాగింది. రాలిన మట్టి ముద్దను ఆవిడ కళ్ళ ముందు పెట్టింది. చూపించకపోతే ఒప్పుకోరు. డబ్బు తీసుకుని ఊరికే చేతులాడించిందని బయటికెళ్ళి చెబుతారు.

మహ్‌జూబా పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని వేళ్ళ చివరలు తెల్లగా ముడతలు పడ్డాయి. బండ మీద ఆని ఆని మోకాళ్ళు కాయలు కాశాయి. ఆ పేటలో ఆమె చెయ్యి తగలని వీపు లేదు. అయినా బజారులో ఎదురైతే చాలామంది ఆమెను గుర్తుపట్టరు. ఆవిరిలో మొహం ఎవరు చూస్తారు?

మధ్యాహ్నం జనం పలచబడ్డాక, కొత్తగా వచ్చిన ఒకావిడకు నల్లసబ్బు పూసి నానబెట్టి మహ్‌జూబా ముందు గదిలోకి వచ్చింది. ఒళ్ళు తుడుచుకుంది. పాదాల దాకా ఉండే జెల్లాబా తొడుక్కుంది, తలకు గుడ్డ కట్టింది, అద్దంలో చూసుకుని ముడి సరిచేసుకుంది. అప్పుడు ఫోను తీసింది.

గల్లాపెట్టె దగ్గర కూర్చునే రఖియాకు ఇది రోజూ వేడుకే.

"ఎక్కడికి తల్లీ ఈ ముస్తాబు? ఫోనులోకేనా?"

"వీధిలో మగాళ్ళున్నారు కదే."

"వాళ్ళ మొహాలకే ముసుగులేశారు, నీకెందుకు?"

నిజమే, ఫోను మ్యాపులో ఫోటోలుగా కనిపించే ఆ వీధిలో మనుషుల మొహాలన్నీ చెరిపేసి ఉంటాయి. అయినా మహ్‌జూబా ముసుగు లేకుండా గడప దాటే మనిషి కాదు, అది గాజు గడపైనా సరే.

ఆ వీధి ఫ్రాన్సులో, రూబేలో ఉంది. చెల్లెలు యమ్నా పెళ్ళయి వెళ్ళింది అక్కడికే. భర్త పోయాడు, పిల్లల్లేరు, చలికాలం నుంచి ఆసుపత్రి మంచం మీదే ఉంది. ఒకరోజు ఫోనులో నీరసంగా, "అక్కా, ఇక్కడివాళ్ళు నన్ను తడిగుడ్డతో బల్ల తుడిచినట్టు తుడుస్తారు. ఒక్కసారొచ్చి వీపు రుద్దిపోవే" అంది. మహ్‌జూబాకు ఆ మాట ముల్లులా దిగింది. వీసాకు రెండుసార్లు పెట్టుకుంది, రాలేదు. మూడోసారి పెట్టి ఎదురుచూస్తోంది. వచ్చినా, పొరుగావిడ పగలంతా పనిలో ఉంటుంది కనుక, స్టేషనుకొచ్చి పిలుచుకెళ్ళే దిక్కు లేదు. అక్షరం రాని మనిషి దారి ఎలా అడుగుతుంది? బడిలో నాలుగు ఫ్రెంచి ముక్కలు చదివిన రఖియాయే ఈ ఉపాయం చెప్పింది. రోజూ స్టేషను నుంచి ఆసుపత్రి దాకా ఫోనులో నడువు, కనిపించిన ప్రతిదానికీ ఒక మాట నేర్చుకో అంది.

మహ్‌జూబా వేలితో తట్టుకుంటూ నడిచింది. స్టేషను ముందు, "తూ ద్రువా," తిన్నగా. పచ్చ శిలువ గుర్తు దగ్గర, "ఫార్మసీ." రొట్టెల కొట్టు దగ్గర, "బులాంజ్రీ," అక్కడ ఎడమకు, "ఆ గోష్." అక్కడ ఎప్పుడు చూసినా అదే తడి రోడ్డు, అదే మబ్బు, చంకలో పొడుగు రొట్టెతో అదే ముసలాయన. ఆయనకు తల వంచి, "బోంజూర్ మిస్యో" అంది. ఆయన ఎన్నడూ పలకలేదు, ఆమె ఎన్నడూ మానలేదు.

ముసలాయన మీదుగా ఫోను మోగింది. యమ్నా పొరుగింటి జులేఖా. యమ్నా తెల్లవారుజామున నిద్రలోనే పోయిందని, రేపు సాయంత్రం అక్కడే ఖననమని మెల్లగా చెప్పింది.

మహ్‌జూబా, "పూడ్చేముందు ఒళ్ళు కడిగేదెవరు?" అంది.

"మసీదు ఆడవాళ్ళొస్తున్నారు. నువ్వు దిగులుపడకక్కా, వాళ్ళకు అలవాటే."

"ఎడమ భుజం మీద కాలిన మచ్చుంటుంది. అక్కడ గట్టిగా రుద్దొద్దని చెప్పు."

"చెప్తా."

ఫోను ఆగింది. వీధి మళ్ళీ వచ్చింది, ముసలాయన రొట్టెతో అక్కడే ఉన్నాడు. రఖియా కళ్ళు తుడుచుకుంటూ లేచి ఆమె భుజం పట్టుకుంది. మహ్‌జూబా ఆ చేతిని తీసి పక్కన పెట్టి మిగిలిన దారి నడిచింది. ఆసుపత్రి గేటు వచ్చింది. బాణం గుర్తు ఎప్పుడూ అక్కడే ఆగిపోతుంది. కాపలావాడి కోసం దాచుకున్న మాట, "జ షెర్ష్ మా సర్," పైకే అంది. నా చెల్లెల్ని వెతుకుతున్నాను. తర్వాత వేలితో కాకుండా అరచేత్తో గేటు మీద తట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు. గేటు పెద్దదై గాజంతా నిండింది. తెరుచుకోలేదు.

పేటలో అందరి ఒళ్ళూ కడిగిన చేతులవి. ఆ చేతులకు వచ్చిన విద్య ఒక్కటే, సొంత చెల్లెలికి ఆ ఒక్కటీ అందలేదు. ఇంటికి పొమ్మని రఖియా బతిమాలింది.

"లోపల మనిషికి సబ్బు పూసొచ్చానే. ఎండిపోతే ఒళ్ళు చురచురమంటుంది."

జెల్లాబా విప్పి కొక్కేనికి తగిలించి మహ్‌జూబా ఆవిరిలోకి వెళ్ళిపోయింది. తలుపు వెనక, వీపు మీద తట్టిన చప్పుడు ఒకసారి వినిపించింది. గల్లాపెట్టె మీద ఫోనులో గేటు కాసేపు వెలిగి ఆరిపోయింది. దాని పైన గూట్లో, ప్రయాణానికని కట్టిపెట్టిన సంచిలో, సబ్బు పక్కన ఇంకా నీళ్ళు తగలని కొత్త తొడుగు అట్టలా బిగుసుకుని ఉంది.