ఎదురుకాళ్ల కోడలు

పేరంటానికి ముందురోజు పొద్దున్నే బియ్యం బస్తా జరపబోతే కూర్మమ్మకు నడుం పట్టేసింది. ఇంట్లో ఇద్దరు మగవాళ్లున్నారు, పిలిస్తే వస్తారు. పిలిస్తే ఆవిడ కూర్మమ్మ ఎలా అవుతుంది! వంగింది వంగినట్టే గోడ పట్టుకుని నిలబడిపోయింది.

మర్నాడు కూతురు దుర్గాభవానికి గాజులు తొడిగే వేడుక. తొలిచూలు. గాజులు బరంపురం నుంచి వచ్చేశాయి. ఊళ్లో ముత్తయిదువలందరి కాళ్లకూ కన్నతల్లే వంగి పసుపు రాయాలి, అది ఆ ఇంటి ఆనవాయితీ. మిగతా పనులు ఎవరికైనా అప్పగించవచ్చు, పసుపు గిన్నె మాత్రం కుదరదు. నొప్పి బిళ్లలు వేసుకుందామా అంటే ఆవిడ కడుపుకి పడవు.

పక్కింటి ముసలమ్మ చూడవచ్చింది. "ఎదురుకాళ్లతో పుట్టినోల్ల సేత ఓ తన్ను తన్నించుకో, ఒగ్గీసి పోతాది" అంది. పుట్టినప్పుడు తలకు బదులు కాళ్లు ముందొచ్చినవాళ్లు తంతే నడుం పట్టు వదులుతుందని ఆ వైపు నమ్మకం. "ఎతకడం దేనికి? మీ కోడలే ఉంది కదేటి! పెళ్లిలో ఆళ్లమ్మే సెప్పింది."

భంజనగర్ నుంచి కోడలిగా వచ్చి ఏడాది కావస్తున్నా అరుణ ఈ ముక్క ఎక్కడా పొక్కనివ్వలేదు.

"తన్నవే. నానే అడుగుతున్నాను, పాపం నేదు" అంది కూర్మమ్మ.

"నాను తన్ననత్తా." గొంతు చిన్నదే గానీ మాట గట్టిది. "సిన్నప్పుడు నన్ను నిద్దట్లోంచి ఎత్తుకొచ్చి వాకిట్లో నిలబెట్టీవోరు. ఈదంతా నడుములు సూపించీది. ఓపాలి మా పెద్దమ్మని తంతే నొప్పి ఎక్కువైపోనాది. ఇప్పటికీ ఆవిడ నన్ను సూస్తే ముకం తిప్పీసుకుంటాది. నువ్వూ తిప్పీసుకుంటే నానేటి సెయ్యను?"

కూర్మమ్మకు ఒళ్లు మండింది. రేపు పసుపు గిన్నె పట్టలేకపోతే ఈ పిల్ల మొండితనం వల్లే అనుకుంది. కోపం వస్తే మాత్రం ఏం లాభం, విసురుగా తిరగడానికి కూడా నడుం కావాలి కదా. మూలుగుతూ చాప మీద పక్కకు ఒరిగింది.

"కాళ్లు తిమ్మిరెక్కినాయేటి?" అని అడిగింది అరుణ. లేదన్నాక కళ్లుప్పు వేయించి గుడ్డలో మూట కట్టింది. ముందు తన మణికట్టు మీద ఆనించుకుని, వేడి చూసుకుని, అప్పుడు అత్త నడుం మీద పెట్టింది. తండ్రి లారీ తోలేవాడట, ఇంటికొచ్చినప్పుడల్లా ఆయనకు తనే కాపడం పెట్టేదట. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, ఒక్కొక్కటే మెల్లగా పొట్ట వైపు తెప్పించింది. "నొప్పొచ్చిన కాడ ఆగిపో. పంతం వద్దు."

పంతం వద్దని కూర్మమ్మకు చెప్పినవాళ్లు అంతకుముందు లేరు.

రోజంతా పడుకోనివ్వలేదు. చెయ్యి పట్టుకుని వాకిట్లో నడిపించింది, మళ్లీ కాపడం పెట్టింది, గోరువెచ్చని నువ్వులనూనె రాసింది. పొద్దు వాలేసరికి కూర్మమ్మ తనంతట తానే వంగి చాప చుట్టింది. ఉప్పు మూట వేడి చూసి చూసి కోడలి మణికట్టు ఎర్రగా కందిపోయి ఉంది. అది చూసి కూర్మమ్మ కళ్లు చెమర్చాయి. ఏడాదిగా ఈ చేతుల వంట తింటూ, వంక పెట్టని పూట లేదు.

మర్నాడు ముసలమ్మ పేరంటాళ్ల మధ్య టముకు వేసేసింది: "కోడలు ఒక్క తన్ను తన్నింది, కూర్మమ్మ లేసి కూకుంది!" ఇక ఒకావిడ భుజం చూపించింది, ఇంకొకావిడ నడుం పట్టుకుని లేచింది. అరుణ మొహం పాలిపోయింది. వంటింట్లోకి తప్పుకోబోయింది.

"ఆగు" అంది కూర్మమ్మ. "నా కోడలు నన్ను తన్ననేదు. సేతుల్తో బాగుసేసింది. దాని కాళ్ల జోలికి ఎవులూ రావొద్దు."

అరుణను పెద్దవాళ్లందరికంటే ముందు చాప మీద కూర్చోబెట్టింది. పసుపు గిన్నె పట్టుకుని, నడుం వంచి, ఆ పాదాల దగ్గర కూర్చుంది. అరుణ కంగారుగా కాళ్లు వెనక్కి లాక్కుంది.

"ఉండవే. పంతం వద్దు" అంది కూర్మమ్మ, పాదం ఒళ్లోకి తీసుకుంటూ.

పుట్టి బుద్ధెరిగాక ఆ కాళ్లను ఏమీ అడక్కుండా పట్టుకున్నది ఆవిడే.