కాంతమ్మ వేసిన గడియ

విజయమ్మను తప్పు పట్టేందుకు ఏమీ లేదు. తమ్ముడు సంజీవరావు చావు నోట్లోంచి బయటపడి మద్రాసు నుంచి రేపల్లె వస్తున్నాడంటే, ఏ అక్కయినా ఆ ఇంట్లో కృతజ్ఞతకూటం పెట్టించకుండా ఊరుకుంటుందా? చర్చి అంతటికీ కబురు పెట్టింది. బాపట్ల నుంచి, తెనాలి నుంచి చుట్టాలు కూడా దిగారు.

సంజీవరావుకు కడుపులో క్యాన్సర్. ముదిరిపోయింది, కోసినా లాభం లేదన్నారు. మద్రాసులో ఒక డాక్టరు మాత్రం ఒక దారి చెప్పాడు. ముందుగా ఎముకల్లోని మూలుగ కొంత తీసి దాస్తారు. క్యాన్సర్‌తో పాటు ఒంట్లో మిగిలిన మూలుగ కూడా చచ్చేంత మందు ఎక్కిస్తారు. ఆనక దాచిన మూలుగను మళ్ళీ ఒంట్లోకి పంపుతారు. కొత్త వైద్యం, హామీ లేదు. భార్య కాంతమ్మ "చెయ్యండి" అంది. నలభై రోజులు గాజు తలుపు ఇవతల కాపలా కాసింది. ఇంకో రెండు నెలలు చిన్న జలుబు సోకినా ప్రాణం మీదికి వస్తుందని చెప్పి పంపారు. ఆ మాట ఆమెకు వేదవాక్కు.

కారు దిగగానే భర్తను లోపల పడుకోబెట్టి వచ్చి గేటు గడియ వేసింది. వీధిలో అరవై మంది. అందరికంటే ముందు, రోగి తలమీద చేతులుంచి ప్రార్థించడానికి వచ్చిన చర్చి పాస్టరు రాజారత్నం అయ్యగారు.

"అయ్యగారూ, ఏమనుకోకండి. ఎవరూ లోపలికి రాకూడదండి."

విజయమ్మకు తల కొట్టేసినట్టయింది. "ఏంటి కాంతమ్మా, అయ్యగారిని వీధిలో నిలబెడతావా? వాణ్ణి ఎత్తుకుని పెంచినదాన్ని, నన్నూ ఆపుతావా?"

"మిమ్మల్నీ ఆపుతాను వదినా. ఆయన ఒంట్లో పసిగుడ్డుకున్న బలం కూడా లేదు. చిన్న జలుబు సోకినా తట్టుకోలేరు."

గడియ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. నోట్లో నాలుక లేదని తామంతా నవ్వుకున్న పిల్ల! ఎంత కోపంలోనూ విజయమ్మ మనసు 'శభాష్' అనకుండా ఉండలేకపోయింది.

అయ్యగారు చెప్పులు విడిచి ఆ మట్టిలోనే మోకరించారు. "ప్రార్థనకు గేటు అడ్డమేంటమ్మా" అన్నారు. అందరూ మోకరించారు. కిటికీ దగ్గరికి సంజీవరావు వచ్చాడు. తల మీద ఒక్క వెంట్రుక లేదు. అక్కను చూసి చెయ్యెత్తాడు. విజయమ్మ భోరుమంది.

ఆ ఏడుపు చూసి కాంతమ్మ మనసు కరిగింది. గడియ తీయబోయింది. "మీరొక్కరే రండి వదినా. గుమ్మం దగ్గర నుంచి చూద్దురు గాని."

విజయమ్మ ఇవతల నుంచి గేటును గట్టిగా పట్టుకుని ఆపింది.

"వద్దమ్మా. నాకు నిన్నట్నుంచి జలుబు. వాణ్ణి దక్కించుకున్నదానివి నువ్వు. వెయ్యి గడియ."

కొంగుతో ముక్కు మూసుకుని, వీధి అవతలికి వెళ్ళి మోకరించింది.