శవం లేచాక నవ్వాలి

పాత క్రైమ్ పిక్చర్లలో తానెన్నిసార్లు చచ్చిపోయిందో తారాదేవికే లెక్క తెలియదు. కత్తిపోట్లు, విషాలు, మేడమీంచి తోయించుకోవడాలు, అన్నీ అయ్యాయి. ఆ చవకరకం నలుపు తెలుపు సినిమాలంటే ప్రణవికి పిచ్చి. యూనివర్సిటీలో ఆ అమ్మాయి రీసెర్చి కూడా వాటిమీదే. సెట్టుకి గోడలు కట్టే స్తోమత లేని నిర్మాతలు చీకటితో సరిపెట్టేవారు, ఆ చీకట్లో ఏముందోనని జనం హడలి చచ్చేవారు. పెద్ద సినిమాల్లో హీరోయిన్లు గుండెలవిసేలా ఏడ్చినా ప్రణవికి ఆవులింతలే. తారాదేవి ఊరికే గుమ్మంలో నిలబడి సిగరెట్టు వెలిగిస్తే చాలు, ఒళ్లు జలదరించేది.

అలాంటి మనిషి ఇక్కడే సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లో కూతురు దీక్షిత ఫ్లాటులోనే ఉంటోందని తెలిసి ప్రణవి ఎగిరి గంతేసింది. ఎనభై దాటినవాళ్లని కూడా ఆంటీ అనే ఊరు కదా, ఆంటీ ఆంటీ అంటూ చేరి, చూస్తూండగానే ఇంటి మనిషైపోయింది.

ఆ మధ్యాహ్నం లాప్‌టాప్‌లో ఓ సినిమా తెచ్చింది. పోయిందనుకున్న ప్రింటు ఎక్కడో దొరికితే స్కాన్ చేయించారు. పేరు చూడగానే తారాదేవి మొహం తిప్పేసుకుంది.

"అది పెట్టకే అమ్మాయ్. అందులో నేనింకా లేవలేదు."

ప్రణవి నవ్వబోయి ఆగింది. ఆవిడ వేళాకోళమాడటం లేదు.

"శవంగా పడుకున్నవాళ్లు, షాటయ్యాక కెమెరావంక చూసి నవ్వాలి. ఆ నవ్వు కూడా ఫిలిమ్ మీద తీసేవాళ్లు, అరిష్టం పోవడానికి. దానికి మాత్రం నవ్వకముందే ఫిలిమ్ అయిపోయింది. రేపు తీద్దాంలే అన్నాడు కెమెరా గణపతి. తెల్లారేసరికి షూటింగే ఆగిపోయింది. ఉన్నదాన్నే అతికించి వదిలారు. అప్పట్నించీ నేను వెల్లకిలా పడుకోను. ఎల్లుండి గుండె ఆపరేషనా? వెల్లకిలా పడుకోబెట్టి మత్తిస్తారట. భయమేస్తోందే. ఇక లేవనేమో." ఆవిడ ప్రణవి చెయ్యి పట్టుకుంది. "ఆ నవ్వేదో నువ్వు తీసి, అందులో అతికించవే."

బయట వాన దంచుతోంది. ప్రణవి కర్టెన్లు వేసి, టేబుల్ లైటు నేలమీద పెట్టి, ఫోనుతో తీయడం మొదలుపెట్టింది. తారాదేవి ఒక చెయ్యి తలపైకి విరిచి నేలమీద వెల్లకిలా పడుకుంది. అంతే, ముడతలు నీడలో కలిసిపోయాయి. అది ఎనభై ఏళ్ల మొహం కాదు. ఊపిరి ఆడుతున్న జాడ లేదు. తను ప్రేమించిన సినిమా కళ్లెదుటే నడుస్తుంటే ప్రణవి ఒళ్లు మరిచి చూస్తూ ఉండిపోయింది. వాన వెలిశాక గానీ కట్ చెప్పలేదని గుర్తుకు రాలేదు.

"కట్! ఆంటీ, కట్!"

కదల్లేదు. చెయ్యి ముట్టుకుంటే టైల్స్‌లా చల్లగా ఉంది. అప్పుడు ఆ కళ్లు విచ్చుకున్నాయి. ప్రణవివైపు కాక తిన్నగా కెమెరాలోకి చూసి నవ్వాయి. శవాన్ని చూసినప్పటికంటే ఆ నవ్వు చూసే ప్రణవికి ఎక్కువ భయమేసింది.

"కట్ చెప్పడానికి ఇంతసేపా? మా డైరెక్టర్లే నయం," అంటూ ఆవిడ నడుం పట్టుకుని లేచింది.

తీసిందే గానీ అతికించలేదు ప్రణవి. పాత ప్రింటులో వేలు పెట్టకూడదని నేర్చుకున్న చదువాయె. పెద్దావిడ చాదస్తానికి తీసిపెట్టాం, చాల్లే అనుకుంది. ఆపరేషన్ రోజు పొద్దున తారాదేవి ఫోన్ చేసి అడిగితే, "అతికించేశాను ఆంటీ," అని తడుముకోకుండా అబద్ధమాడింది.

సాయంత్రం దీక్షిత ఫోన్ చేసింది.

"ఆపరేషన్ సక్సెస్ అన్నారు ప్రణవీ. బట్ అమ్మ లేవట్లేదు. మత్తు ఎప్పుడో దిగాలట. డాక్టర్లు మళ్లీ స్కాన్‌కి తీసుకెళ్తున్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

ప్రణవి లాప్‌టాప్ ముందుకి లాక్కుంది. నోటికొచ్చిన దేవుళ్లందరికీ దండం పెట్టుకుంటూ, నవ్వు అతికించడానికి సినిమా తెరిచి ఆ సీను దగ్గరికి జరిపింది.

గది అదే. కిటికీ నీడ అదే. శవం ఉండాల్సిన నేలమీద మాత్రం ఎవరూ లేరు. వెనక్కి జరిపింది, ముందుకి జరిపింది. ఉత్త నేల.

ఫోన్ మళ్లీ మోగింది. "లేచింది ప్రణవీ! అమ్మ లేచింది!" దీక్షిత ఏడుస్తోంది. "ఒకటే నవ్వు!"

ప్రణవికి ఏడుపూ వణుకూ ఒక్కసారే వచ్చాయి. తెరమీద హీరో ఆ ఖాళీ నేల పక్కన మోకాళ్లమీద కూలబడి బోరుమంటున్నాడు. పాపం, అతనికి ఎవరూ చెప్పినట్టు లేరు.