అవ్వల కడలిలో ఎర్ర చుక్కలు

వచ్చే నెల జేజు నగరంలో సముద్ర సంరక్షణ మీద పెద్ద సదస్సట. దానికి ముందు తీరం పొడుగునా ఊరూరా కార్యశాలలట. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ఓక్‌హ్వాకు కంటి మీద కునుకు లేదు. సముద్రాన్ని కాపాడతామంటూ వచ్చేవాళ్లు దాన్ని ఎవరి నుంచి కాపాడతారు? ఊపిరి బిగబట్టి మునిగి, గుల్లలు ఏరుకుని బతికే తనలాంటి హేన్యోల నుంచే కదా!

"అన్నం పెడతారట. తువ్వాళ్లు కూడా పంచుతారట," అంది మాల్‌జా, చలిమంట దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటూ.

"ఊరికే తువ్వాళ్లెందుకు పంచుతారే? ఏదో గుంజుకోడానికే," అంది ఓక్‌హ్వా.

"గుంజుకోనీ చూద్దాం. అన్నం మాత్రం తినేసొద్దాం," అంది మాల్‌జా. అందరూ నవ్వారు కానీ, ఆ నవ్వులో దిగులు దాగలేదు.

కార్యశాల నడపడానికి సెరిమ్ అనే అమ్మాయి వచ్చింది. భోజనాలయ్యాక సంఘం గదిలో ఊరి సముద్రం పటాన్ని నేల మీద పరిచి, మనిషికో ఎర్ర చుక్క బిళ్ల ఇచ్చింది. "జొన్‌బోక్ గుల్లలు బాగా దొరికే చోట అంటించండమ్మా. వాటి పిల్లలు పెరిగే చోటు తెలిస్తే కాపాడుకోవచ్చు," అంది నవ్వుతూ.

గదిలో ఒక్కరూ కదల్లేదు. ఆ ఊళ్లో ఆడదాని వయసు అడగొచ్చు, మొగుడి తాగుడు గురించి అడగొచ్చు. జొన్‌బోక్ ఎక్కడ దొరుకుతుందని మాత్రం కన్నకూతురైనా తల్లిని అడగదు. ఎవరి చోటు వాళ్ల గుండెలోనే ఉంటుంది.

ఓక్‌హ్వా చోటు నల్లరాతి వెనక ఉంది. అక్కడికి ఆమె ఏనాడూ తిన్నగా వెళ్లలేదు. ముందు రేవుగట్టు వైపు ఈది, చుట్టు తిరిగి వెళ్లేది. అదంతా అత్తగారి భయంతోనే. అత్తగారు సూన్‌దొక్ అదే వాకిట్లో ఎదురింట్లో, వేరే పొయ్యి పెట్టుకుని ఉంటుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ నీటి మీద పట్టుకుని తేలే సొరబుర్ర ఒకసారి నల్లరాతి దరిదాపుల్లో కనిపించింది. అప్పటి నుంచీ ఓక్‌హ్వాకు అనుమానమే. సాయంత్రం ఒడ్డెక్కగానే ముందు అత్తగారి వలసంచిలోకి తొంగిచూసేది, తన గుల్లలేమైనా అందులో ఉన్నాయేమోనని.

అలాంటి చోటును పటం మీద పెట్టేంత వెర్రిదా? పటంలో అవ్వల కడలి అనే చోట చుక్క అంటించింది. రేవు ముందరి లోతులేని నీళ్లవి. లోతుకు వెళ్లలేని ముసలివాళ్ల కోసం విడిచిపెట్టిన చోటు. వయసులో ఉన్నవాళ్లెవరూ అక్కడ మునగరు. నత్తలూ నాచూ తప్ప ఏమీ ఉండవు కాబట్టి ఎవరికీ నష్టం లేదనుకుంది.

తర్వాత మాల్‌జా వంగింది. ఆమె చుక్కా అక్కడే పడింది. ఆ తర్వాతి ఆమెదీ అక్కడే. ఎవరి తెలివికి వాళ్లు లోలోపల మురిసిపోయారు.

వారం తిరక్కుండా సెరిమ్ ఆ పటంతో మళ్లీ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "ఏ ఊళ్లోనూ ఇంత ఒక్కమాట మీద లేరు! ఈ రేవు ముందరి నీళ్లే మీ ఊరి గుల్లల పుట్టిల్లు. మూడేళ్లు అందులో ఎవరూ దిగకూడదని సదస్సులో ప్రకటిస్తాం."

మూల కూర్చున్న సూన్‌దొక్ తలెత్తింది. "మూడేళ్లా? అప్పటికి నేనుండను కదమ్మా," అంది, వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా.

ఓక్‌హ్వాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ రోజూ పొద్దున్నే వంగిన నడుముతో ఆ నీళ్లకే వెళ్తుంది. దిగాక నడుం నొప్పి మరిచిపోతుంది. ఇంట్లో కూర్చోబెడితే ఏడాది కూడా బతకదు. అందరూ నేలచూపులు చూశారు.

"నేను అబద్ధం అంటించాను," అంది ఓక్‌హ్వా. తన బిళ్ల పీకి నల్లరాతి వెనక అంటించింది. "నా చోటు ఇదీ."

మాల్‌జా పకపకా నవ్వింది. "భలేదానివే! అక్కడ సుడి తప్ప ఏముందే? ఈసారి ఎవర్ని ముంచుదామని?"

మిగతావాళ్లూ నవ్వారు. సెరిమ్ కూడా ఓక్‌హ్వా వైపు అనుమానంగా చూసింది. బతుకులో దాచుకున్న ఒక్క రహస్యాన్నీ బయట పెడితే నమ్మేవాళ్లే లేరు. ఓక్‌హ్వాకు ఏడుపొచ్చింది.

"అది నిజమే చెప్తోంది," అంది సూన్‌దొక్. "నల్లరాతి కింద, ఎడమ చేతి వైపు చీలికలో ఉంటాయి. ఒకప్పుడు నా చోటే అది."

నవ్వులు ఆగిపోయాయి. మాల్‌జా కాసేపు పటాన్ని చూసి, ముఖం చిట్లించుకుంటూ వంగి తన చుక్కను పీకింది. "అందరూ అటు తిరగండే," అని కసిరింది. తిరిగారు. తర్వాత ఒకరొకరే వంగి తమ చుక్కల్ని అసలు చోట్లకు మార్చారు. చివరికి అవ్వల కడలి మీద ఒక్క చుక్కా మిగల్లేదు.

సాయంత్రం ఓక్‌హ్వా నాచు చారు గిన్నెతో వాకిలి దాటి అత్తగారి వంటింట్లోకి వెళ్లింది.

"నీ చోటని నాకెందుకు చెప్పలేదత్తా?"

"చూపిద్దామనే ఆవేళ అటొచ్చాను. మొహం మాడ్చుకున్నావు. సరే, నీ అంతట నీకే దొరికిందిగా అని మళ్లీ అటు పోలేదు."

"ఇన్నేళ్లలో ఒక్క మాటైనా అనొచ్చుగా?"

సూన్‌దొక్ చారు ఊదుకుని ఒక గుక్క తాగింది. "ఎప్పుడనమంటావే? ఒడ్డెక్కగానే నువ్వు నా సంచిలోకి చూసేదానివి. నా మొహంలోకి ఎప్పుడు చూశావు?"