కాగితాలవాళ్ళ కుర్చీ

నేను ఒక కుర్చీని. టేకూ కాదు, వేపా కాదు, ఉత్త ప్లాస్టిక్ కుర్చీని. ముదురు ఎరుపు రంగు, రెండు చేతులు, వీపు నిండా చిల్లులు. ఏ పెళ్ళిలో చూసినా, ఏ సంతాప సభలో చూసినా నా చుట్టాలు మీకు కనబడతారు. మా వంశం గురించి చెప్పుకోవడానికేమీ లేదు. పగిలిన బకెట్లు, అరిగిన చెప్పుల అడుగులు, మూతలు పోయిన డబ్బాలు అన్నీ కలిపి కరిగించి అచ్చులో పోస్తే నిమిషంలో పుట్టినవాళ్ళం. ఎవరిలో ఎవరి ముక్క ఉందో మాకే తెలియదు. మనుషులు మాత్రం ఏడు తరాలు వెనక్కి వెళ్ళి ఎవరు ఎవరో తేల్చుకోగలరట. ఆ ఓపికను మెచ్చుకోవలసిందే.

ఒక వ్యాపారి నన్నూ, నాతోపాటు మరో పదకొండు మందినీ మోపెడ్ వెనక తాళ్ళతో బిగించి పల్నాటి పల్లెల వెంట తిప్పాడు. ఊళ్ళో ఎవరూ నా వంక చూడలేదు. ఊరు దాటాక, చెరువుకట్ట అవతల ఉన్న ఎస్సీ కాలనీలో సువార్తమ్మ చూసింది. ఆవిడ మిరపకోతల మేస్త్రి. ఇరవై మంది ఆడవాళ్ళను పొద్దున్నే కూడగట్టుకుని చేలకు తీసుకెళ్ళే మనిషి. నన్ను ఎత్తి, దించి, కాళ్ళు నొక్కి చూసి, బేరం తెగేదాకా వదలలేదు.

నన్ను కొనడానికి ఆవిడకు ఒక కారణం ఉంది. అంతకు ముందు సంవత్సరం పింఛను విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. ఇల్లంతా కలయజూసి, కూర్చోవడానికేమీ లేదా అని అడిగాడు. లేదంటే వాకిట్లో నిలబడే రెండు ముక్కలు గీకి పోయాడు. పింఛను రాలేదు. నిలబడి రాసేవాడు సగమే రాస్తాడని సువార్తమ్మ ఆ రోజు తేల్చేసుకుంది. కూర్చోబెడితే తీరిగ్గా వింటారు, విన్నది విన్నట్టు రాస్తారు అని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని మోయడానికే నేను ఆ ఇంటికి వచ్చాను.

వచ్చినవాళ్ళు తక్కువేమీ కాదు. జనాభా లెక్కలవాళ్ళు, రేషను కార్డులవాళ్ళు, బ్యాంకువాళ్ళు, ఓట్ల జాబితావాళ్ళు. కాలనీలో ఏ గుమ్మం ముందు కాగితాల మనిషి కనబడినా నాకు పిలుపు వచ్చేది. ఎవరో ఒకరు నన్ను బోర్లించి నెత్తిన పెట్టుకుని తీసుకుపోయేవాళ్ళు. వచ్చినాయన కూర్చునేవాడు, ఇంటివాళ్ళు నిలబడేవాళ్ళు. ఇల్లు వాళ్ళది, కుర్చీ వాళ్ళది, నిలబడేది కూడా వాళ్ళే. ఇందులో వింతేమీ లేనట్టు ఆయన పేరేమిటి, తండ్రి పేరేమిటి అని అడుగుతూ పోయేవాడు.

సువార్తమ్మ మాత్రం నా మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. కోతలనుంచి వచ్చి మోకాళ్ళు పట్టేసినా గడప మీదే చేరగిలబడేది. పక్కింటామె అడిగితే, కూర్చుంటే అరిగిపోద్దని నవ్వేసింది. మొదట్లో అదంతా నాకు దక్కిన మర్యాద అనుకుని ఉబ్బిపోయేవాణ్ణి. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఒక ఆదివారం పట్నంలోని డిగ్రీ కాలేజీ పిల్లలు వచ్చారు. బి.ఏ. ఆఖరి సంవత్సరం వాళ్ళు. కులం, న్యాయం, సమాజం అనే విషయం మీద పరిశోధన చేస్తున్నారట. ముప్ఫై ఎనిమిది ప్రశ్నల కాగితం పట్టుకుని ఇద్దరిద్దరు చొప్పున ఇళ్ళు పంచుకున్నారు. సువార్తమ్మ ఇంటికి నీహారిక అనే అమ్మాయీ, ప్రభుదాసు అనే అబ్బాయీ వచ్చారు. నీహారికది మోతుబరి కుటుంబం. ప్రభుదాసు ఇలాంటి కాలనీలోనే మరో ఊళ్ళో పుట్టినవాడు. ఆవిడ మాట కలిపిన రెండో నిమిషంలోనే అతని ఇంటిపేరు, మేనమామ ఊరు కూడా రాబట్టేసింది.

చర్చి నుంచి అప్పుడే వచ్చిన సువార్తమ్మ తెల్లచీర కొంగుతో నన్ను తుడిచి వాకిట్లో వేసింది. నీహారిక కూర్చుంది. ప్రభుదాసు గడప పక్కన అరుగు మీద సర్దుకున్నాడు. సువార్తమ్మ లోపలికి వెళ్ళి రెండు స్టీలు గ్లాసులతో నీళ్ళు తెచ్చింది. ఒకటి ప్రభుదాసు చేతికిచ్చింది. రెండోది నీహారిక చేతికివ్వలేదు. ఆమె పక్కన అరుగు చివర పెట్టి రెండడుగులు వెనక్కి వెళ్ళింది. అరవై ఏళ్ళ అలవాటు, ఆలోచించి చేసింది కాదు.

"ఎండనబడి వచ్చారు. తాగండమ్మా" అంది.

"పర్లేదండీ, నా దగ్గర ఉన్నాయి" అని నీహారిక సంచిలోంచి తన సీసా చూపించింది.

ఆ పిల్లలో చెడ్డతనం లేదు. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. వాళ్ళ సారు సర్వేకు పంపేముందు గట్టిగా చెప్పాడట, బయటి నీళ్ళు తాగి ఒక్కరు జబ్బుపడినా పని మొత్తం ఆగిపోతుంది, ఎవరి సీసా వాళ్ళు మోసుకోండి అని. ప్రభుదాసుకూ అదే చెప్పాడు. అతని సంచిలోనూ అలాంటి సీసానే ఉంది. అతను ఆ సీసా బయటికి తియ్యకుండా ఇచ్చిన నీళ్ళు గటగటా తాగి గ్లాసు తిరిగి ఇచ్చాడు.

ప్రశ్నలు మొదలయ్యాయి. నీహారిక మంచిగా అడిగింది, ఓపిగ్గా విన్నది. ప్రతి మాటకూ 'సువార్తమ్మ గారూ' అంది. ఆ 'గారు' కొత్తగా తగిలి ఆవిడ రెండుసార్లు కొంగుతో మొహం తుడుచుకుంది. హోటల్లో గ్లాసుల సంగతి, గుడి దగ్గర నిలబెట్టిన సంగతి, చేలో మజ్జిగ ఎత్తి పోసే సంగతి అన్నీ చెప్పింది. నీహారిక చెయ్యి నొప్పి పుట్టేలా రాసుకుంది. మధ్యలో ప్రభుదాసు ఫోనుతో ఒక ఫోటో తీశాడు. నేనూ పొంగిపోయాను. ఇన్నాళ్ళకు పూర్తిగా రాసే మనిషి దొరికిందని.

ఇరవై ఏడో ప్రశ్న దగ్గరికి వచ్చింది. "ఇతర కులాలవాళ్ళు మీ ఇంట్లో మంచినీళ్ళు తాగుతారా, సువార్తమ్మ గారూ?"

అరుగు మీద గ్లాసు నిండుగా ఉంది. సువార్తమ్మ ఆ గ్లాసు వంక చూసింది, ప్రభుదాసు నేల వంక చూశాడు.

"అది మీరే రాసుకోండమ్మా" అంది ఆవిడ.

ఆవిడకు చెప్పడం ఇష్టం లేదని నీహారిక అనుకుంది. బలవంతం చెయ్యకూడదని సారు నేర్పాడు కదా. కాగితంలో మూడు గడులున్నాయి: తాగుతారు, తాగరు, సమాధానం లేదు. మూడో గడిలో టిక్కు పెట్టి ఇరవై ఎనిమిదికి వెళ్ళింది. టిక్కు పెట్టడానికి ఆనించిన మోచెయ్యి నా చేతి మీదే ఉంది. నేను కదల్లేదు. కుర్చీని కదా, ఎవరు కూర్చుంటే వాళ్ళను మోయడమే నాకు తెలిసిన పని.

మూడు వారాల తర్వాత వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఎవరి దగ్గర సేకరించింది వాళ్ళకే మొదట వినిపించాలి, ఆ తర్వాతే పుస్తకం వెయ్యాలి అన్నది ఆ సారు నియమం. మంచి నియమమే. బడి ఆవరణలో మీటింగు పెట్టారు. కుర్చీలు చాలక కాలనీలో ఇంటింటికీ తిరిగి అరువు తెచ్చారు. ముందు వరసలో సర్పంచి, సారు, ఊరి పెద్దలు, కాలేజీ పిల్లలు కూర్చున్నారు. కుర్చీలిచ్చినవాళ్ళు ఎదురుగా నేల మీద పరిచిన పట్టా మీద కూర్చున్నారు. నీహారిక వాటాకు నేను వచ్చాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. ఎర్ర కుర్చీలన్నీ ఒకేలా ఉంటాయి మరి.

ఆమె లేచి మైకు పట్టుకుని అంకెలు చదివింది. చక్కగా చదివింది. ఇరవై ఏడో ప్రశ్న వచ్చింది. అరవై ఒక్క ఇళ్ళలో అరవై ఇళ్ళవాళ్ళు తాగరనే చెప్పారనీ, ఒక్క ఇల్లు మాత్రం సమాధానం ఇవ్వలేదనీ చదివింది.

పట్టా మీద నుంచి సువార్తమ్మ లేచింది. గొంతు పెంచలేదు.

"ఆ ఇల్లు నాదే గదమ్మా. నేను ఇచ్చాను గదా. గ్లాసు మీ పక్కనే పెట్టాను."

ముందు వరసలో ఒకాయన దగ్గాడు. సారు నవ్వు మొహం పెట్టి, తర్వాత మాట్లాడుకుందామమ్మా అన్నాడు. నీహారిక చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. అప్పటిదాకా ఆ పిల్లకు తోచనే లేదు. ఇప్పుడు తోచింది, అందరి ముందూ తోచింది. వచ్చి నా మీద కూలబడింది. చాలామంది నా మీద దర్జాగా కూర్చున్నారు, విసుగ్గా కూర్చున్నారు. సిగ్గుతో కూర్చున్న మనిషి బరువు ఎంతుంటుందో ఆ రోజే చూశాను.

మిగతా అంకెలు వేరే ఎవరో చదువుతుండగా ఆమె సువార్తమ్మ ఇంటి ప్రశ్నల కాగితం తీసి ఒళ్ళో పెట్టుకుని 'సమాధానం లేదు' కొట్టేసింది. 'తాగరు' గడిలో టిక్కు పెట్టింది. పక్కన వివరాల గడి ఉంటే అందులో తన పేరు, రోల్ నంబరు రాసింది. అది చూసి నా ప్రాణం కుదుటపడింది. పోనీలే, చివరికి పూర్తిగా రాసింది అనుకున్నాను.

మీటింగయ్యాక సువార్తమ్మ కుర్చీ తీసుకుపోదామని నా దగ్గరికి వచ్చింది. నీహారిక ఎదురెళ్ళింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీ ఇంటికొస్తానండీ. మంచినీళ్ళిస్తారా?"

అప్పటిదాకా 'మీరు' అన్న సువార్తమ్మ 'నువ్వు'లోకి దిగింది.

"దాహమై అడుగుతున్నావా తల్లీ, మీటింగు కోసం అడుగుతున్నావా?"

నీహారిక చేతిలోని కాగితాలు సంచిలో కుక్కుకుంది.

"దాహమైనప్పుడు రా. ఎప్పుడొచ్చినా ఇస్తాను" అని సువార్తమ్మ నన్ను ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

ఆ తర్వాత పద్నాలుగు నెలలు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. కాగితాలవాళ్ళు నలుగురైదుగురు వచ్చారు, కూర్చున్నారు, వెళ్ళారు. రెండో ఏడు కోతల్లో మిరపకాయల బస్తా పెడితే నా వెనక కాలు చీలింది. తీగతో కట్టి కొన్నాళ్ళు లాగించారు. ఇప్పుడు పాత సామాన్ల కొట్టు వెనక విరిగిన బిందెల మధ్య పడి ఉన్నాను. రేపో మాపో లారీ వస్తుంది, నన్ను మళ్ళీ కరిగిస్తారు. చావంటే నాకు భయం లేదు, ఇది ఎన్నోసారో కూడా గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఆ ఇంట్లో నేను చివరిసారి వాకిట్లోకి వచ్చిన పూట.

ఆ పూట ప్రభుదాసు వచ్చాడు, ఒక్కడే. చేతిలో అచ్చయిన పుస్తకం ఉంది. బహుమతి కూడా వచ్చిందట. అట్ట మీద ఫోటో అతను తీసిందే: నా మీద నీహారిక, గడప దగ్గర సువార్తమ్మ, వాళ్ళ మధ్య అరుగు మీద నిండు గ్లాసు. మా ఇంటి సంగతి ఎక్కడుందో చదవమని సువార్తమ్మ అడిగింది. అతను పేజీలు తిప్పాడే గానీ చదవలేదు. చివరికి ఉన్నమాట చెప్పాడు. పరిశోధన చేసినవాళ్ళ పేరు పట్టికలో రాకూడదని సారు అన్నాడట. ఏం చెయ్యాలో తోచక ఆ ఇల్లు మొత్తాన్నే తీసేశారు. అరవై ఒక్క ఇళ్ళు పుస్తకంలో అరవై అయ్యాయి. నీహారిక రెండు రోజులు వాదించింది, మూడో రోజు సరేనని సంతకం పెట్టింది.

నేను వాకిట్లో ఉన్నాను. ప్రభుదాసు నా మీద కూర్చోలేదు, సువార్తమ్మ కూర్చోమననూ లేదు. తీరిగ్గా కూర్చోబెడితే పూర్తిగా రాస్తారని నన్ను కొన్న మనిషి ముందు, అంత తీరిగ్గా కూర్చోబెట్టిన నేను, కట్టు కట్టిన కాలుతో నిలబడి ఉన్నాను. కరిగిపోతే బాగుండునని నాకు జీవితంలో మొదటిసారి అనిపించింది అప్పుడే.

సువార్తమ్మ పుస్తకం మూసి పక్కన పెట్టి, అతనికి నీళ్ళిచ్చి, "ఆ పిల్ల రాలేదే?" అని అడిగింది.

"రావాలనే ఉందంట పెద్దమ్మా. మొహం చెల్లక రావట్లేదు."

సువార్తమ్మ అతని చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకుంది.

"సిగ్గు తీరటానికి ఇన్ని నెలలు పట్టుద్దా అయ్యా? దాహం వెయ్యటానికి అంత సేపు పట్టదే" అంది.